ముల్లు ఆ స్టేషన్ మీద ఆగగానే

మొయినాబాద్ దాటి చేవెళ్ళ వైపు వస్తున్నారు. బీజాపూర్ రోడ్డుకు రెండు పక్కలా మర్రిచెట్లు ఊడలు దించుకుని నిలబడ్డాయి. ఒక చెట్టు నీడలో చాయ్ హోటల్. తెల్లారకముందే పట్నానికి కూరగాయలు పంపించి వచ్చిన రైతులు బల్ల మీద కూచున్నారు. ఒకాయన చేతిలో ఫోను, దాని మీదికి వంగిన నాలుగు తలలు. లోపల్నుంచి వస్తున్న గొంతు మీరు ఎక్కడున్నా గుర్తుపడతారు. బిత్తిరి సత్తిది.

"మా పామెన పిలగాడే సారూ" అంటాడు పెద్దాయన, మీరు అడక్కపోయినా. చేవెళ్ళ మండలంలోని ఆ పల్లె ఇక్కడికి దగ్గరే. ఆ ఊళ్ళో పుట్టిన రవికుమార్ బిత్తిరి సత్తిగా, తన యాస మార్చుకోకుండా టీవీ వార్తల్లోకి వచ్చాడు. మంత్రుల గురించి, ధరల గురించి, పడని వాన గురించి రచ్చబండ దగ్గర మాట్లాడినట్టే మాట్లాడాడు. అంతవరకు సినిమాల్లో పనివాడికో రౌడీకో అంటగట్టిన యాస అది. అది వార్తలు చెప్పే బల్ల దగ్గరికి వచ్చి కూచుంటే, విన్నవాళ్ళు ముందు నవ్వారు, ఆ తర్వాత నిటారుగా కూచున్నారు. ఆ రెండోది ముఖ్యం. ఇప్పుడు ఈ బల్ల చుట్టూ చూడండి, నవ్వుతున్నవాళ్ళ భుజాలు ఎంత విప్పారి ఉన్నాయో!

ఆ నవ్వును మనసులో ఉంచుకోండి. మనం వెళ్ళబోయే చోట ఇదే రకం నవ్వు కోసం మనుషులు ప్రాణాలకు తెగించారు.

ముందు ఇక్కడే, కొంచెం వెనక్కి. 1948 సెప్టెంబర్. మొయినాబాద్ దగ్గరి పెదమంగళారం. ఆంధ్ర మహాసభ నాయకుడు కొండా వెంకట రంగారెడ్డి పుట్టిన ఊరు ఇది. తర్వాత జిల్లాకే ఆయన పేరు పెట్టారు. చినుకులు పడుతున్నాయి. కరెంటు లేదు. ఊళ్ళో రేడియో ఉంటే గింటే ఏ దొరవారి ఇంట్లోనో ఉండాలి. అది ఉన్నా, అందులో వినబడేది దక్కన్ రేడియో, నిజాం సర్కారు గొంతు. మజ్లిస్ అధ్యక్షుడు, రజాకార్ల సాయుధ దళానికి నాయకుడు కాసిం రజ్వీ ఢిల్లీ ఎర్రకోట మీద అసఫ్‌జాహీ జెండా ఎగరేస్తానని నెలల తరబడి ఉపన్యాసాలు దంచుతున్నాడు. సెప్టెంబర్ 13 తెల్లవారుజామున భారత సైన్యం సోలాపూర్ వైపు నుంచి నిజాం రాజ్యపు సరిహద్దు దాటింది. మేజర్ జనరల్ జయంతనాథ్ చౌదరి నడుపుతున్న ఆ దండు నల్‌దుర్గ్, జహీరాబాద్ మీదుగా పట్నం దిక్కు వస్తోంది. సంగతి ఊరికి ఎలా తెలుస్తుంది? రేడియో నుంచి కాదు. రోడ్డు మీద వచ్చిన బండివాడి నోటి నుంచి, సంతలో చెవిన పడ్డ ముక్క నుంచి, రజాకార్ల ముఖాల్లో పోయిన రంగు నుంచి తెలుస్తుంది.

నవ్వు మాత్రం ఉంది. అది రేడియోలో లేదు, ఆటపాటల్లో ఉంది. నల్లగొండ ప్రాంతంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు, బుర్రకథ, ఫకీరు వేషం అన్నిటినీ పోరాటానికి పనికొచ్చేటట్టు మలిచాడు. గజ్జె కట్టి, గొంగడి భుజాన వేసి, దొరనూ దొర తాబేదారునూ ఊరి నడుమ నిలబెట్టి కడిగేశాడు. పగలు దొర ఎదుట చెప్పులు చేతబట్టుకుని నడిచిన మనిషి, రాత్రి ఆ ఆట ముందు కూచుని దొర నడకను అనుకరిస్తుంటే చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. మర్నాడు పొద్దున దొర ఎదురుపడితే ఆ నడకే కళ్ళముందు ఆడింది. అప్పటిదాకా లోపల గడ్డకట్టిన భయానికి మొదటి పగులు అక్కడే పడింది.

అయితే ఆట ఒక ఊరికే చేరుతుంది. కళాకారుడు నడిచినంత మేరే దాని దూరం. రాత్రికి ఒక పల్లె, పోలీసులు వెంటపడితే అదీ లేదు. ఆ సెప్టెంబర్ 17 సాయంత్రం నిజాం స్వయంగా దక్కన్ రేడియోలో మాట్లాడి కాల్పులు ఆపమన్నాడు. మర్నాడు ఆయన సేనాధిపతి ఎల్ ఎద్రూస్ చౌదరికి లొంగిపోయాడు. ఏలినవాడి చేతిలో రేడియో, జనం నోట్లో నవ్వు: మన దగ్గర ఆ రెండూ కలవకుండానే కథ ముగిసింది.

అవి కలిసిన చోటికి వెళదాం.

1971 జూలై. పాకిస్తాన్ ఏలుబడిలోని తూర్పు బెంగాల్. పాత ఢాకా, చౌక్ బజార్ వెనక సందు. వాన కురిసి ఆగింది, కాలువలు పొంగి వాసన. కర్ఫ్యూ వేళ దగ్గరపడుతోంది కాబట్టి తలుపులన్నీ మూసేస్తున్నారు. మీరు ఒక ఇంట్లోకి జారుకున్నారు. ముందు గదిలో దీపం ఆర్పేశారు. లోపలి గదిలో మంచం, మంచం మీద బొంత, బొంత కింద ట్రాన్సిస్టర్. ముసలామె ఒక పక్క, కోడలు ఒక పక్క, పదేళ్ళ పిల్లవాడు మధ్యలో. పెద్ద కొడుకు ఇంట్లో లేడు. ఎక్కడున్నాడని ఎవరూ అడగరు. సరిహద్దు దాటి ముక్తి బాహినిలో, పాకిస్తాన్ నుంచి విముక్తి కోసం పోరాడే దండులో, చేరాడని అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

వీధి చివర బూట్ల చప్పుడు. అందరూ ఊపిరి బిగబట్టారు. కోడలు కిటికీ సందులోంచి చూసి గుసగుసగా చెప్పింది. "రజాకార్లు."

మీకు ఒక్కసారిగా ఒళ్ళు జలదరిస్తుంది. అవును, ఇక్కడా అదే పేరు. ఆ సంవత్సరమే పాకిస్తాన్ సైన్యం తూర్పు బెంగాల్‌లో స్థానికులతో ఒక సాయుధ దళం కట్టి, దానికి ఆ పేరే పెట్టింది. ఏ ఇంటి కొడుకు కనబడటం లేదో, ఏ ఇంట్లో రాత్రిపూట రేడియో మోగుతోందో సైన్యానికి చేరవేసేది వీళ్ళే. మొయినాబాద్ పల్లెల్లో మన తాతలు తలుపులు గడియ పెట్టుకుని విన్న చప్పుడు ఇరవై మూడేళ్ళ తర్వాత ఈ సందులో మళ్ళీ వినబడుతోంది.

బూట్లు దూరమయ్యాయి. పిల్లవాడు బొంత కిందికి తల దూర్చి ముల్లు తిప్పుతాడు. గరగర. ఏదో పాట ముక్క. మళ్ళీ గరగర. ముల్లు వెంట్రుకవాసి జరిగింది, "జయ్ బంగ్లా" బాణీ అందుకుంది. ముసలామె చెయ్యి తనంతట తానే కొంగు సర్దుకుంటుంది, ఇంటికి పెద్దమనిషి వచ్చినట్టు.

వార్తలు అయ్యాయి. పాట అయింది. ఇప్పుడు ఆ గొంతు. కొంచెం బొంగురుగా, సాగదీస్తూ, ఉన్నట్టుండి పరుగెత్తుతూ. కార్యక్రమం పేరు చరమపత్ర, అంటే ఆఖరి హెచ్చరిక. పేరు విని గంభీరమైన ప్రకటన వస్తుందనుకుంటే, వచ్చింది ఈ చౌక్ బజార్ గుర్రబ్బండివాళ్ళ భాష. ఢాకా కుట్టీల యాస. హైదరాబాద్ పాతబస్తీలో దక్కనీ ఎలాగో, పాత ఢాకాలో అది అలాగ. ఉర్దూ కలిసిన బెంగాలీ, మాట మాటకూ చురక. చదువుకున్నవాళ్ళు ఇంట్లో పిల్లలు మాట్లాడితే గదమాయించే భాష. ఆ భాషలో జనరల్ టిక్కా ఖాన్‌ను, జనరల్ నియాజీని, పాకిస్తాన్ ప్రెసిడెంట్ యాహ్యా ఖాన్‌ను పిలిచి ఎదురుగా కూచోబెట్టి నిలదీస్తున్నాడు ఆ మనిషి.

పంజాబ్ మైదానాల నుంచి వచ్చిన సిపాయి ఈ బురదలో మోకాటి దాకా దిగబడి ఎలా కాళ్ళు పీక్కున్నాడో చెబుతున్నాడు. నది దాటడానికి పడవ ఎక్కి, పడవ ఊగితే దేవుణ్ణి ఎలా పిలిచాడో చెబుతున్నాడు. అడ్డం వచ్చిన ప్రతిదానికీ తుపాకీ పేల్చేవాడు రాత్రి కప్ప అరిస్తే ఎలా ఉలిక్కిపడ్డాడో చెబుతున్నాడు. ఆ సిపాయిని ఆయన మీసాలవాడు అంటాడు. ముక్తి బాహిని కుర్రాళ్ళను బిచ్చులు, అంటే తేళ్ళు అంటాడు. ఎక్కణ్ణుంచో వస్తాయి, కుట్టి పోతాయి.

తేళ్ళ మాట వచ్చినప్పుడు ముసలామె మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత భుజాలు కదిలాయి. మార్చి 25 రాత్రి సైన్యం ఢాకా మీద విరుచుకుపడిన తర్వాత ఈ ఇంట్లో ఎవరూ నవ్వలేదు. విశ్వవిద్యాలయం హాస్టళ్ళలో శవాలు, కాలిన బస్తీలు, నదిలో కొట్టుకొచ్చిన మనుషులు, వీటి తర్వాత నవ్వు తప్పనిపించింది. ఇప్పుడు బొంత కింద చప్పుడు బయటికి పోకుండా నవ్వుతున్నారు. కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వు వల్ల కాదు, ఆ తేళ్ళలో ఒకటి తన మనిషి.

కార్యక్రమం అయిపోగానే పిల్లవాడు చేసే పని చూడండి. ముల్లును తిప్పి ఢాకా సర్కారు స్టేషన్ మీద పెట్టి, అప్పుడు ఆపుతాడు. రేపు ఎవరైనా సోదాకు వస్తే ముల్లు ఎక్కడుందో చూస్తారు. పదేళ్ళవాడికి ఇది ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

ఆ గొంతు ఎక్కణ్ణుంచి వస్తోంది? రాత్రికి రాత్రి సరిహద్దు దాటుదాం. కలకత్తా, బాలీగంజ్ సర్క్యులర్ రోడ్డు, 57/8 నంబరు రెండంతస్తుల ఇల్లు. బయటి నుంచి చూస్తే మామూలు కొంప. లోపల అడుగుపెట్టడానికి చోటు లేదు. నేల మీద చాపలు, చాపల మీద నిద్రపోతున్న గాయకులు, వార్తలు రాసేవాళ్ళు, ఇంజనీర్లు. ఇల్లూ వాకిలీ వదిలి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళు. మేడ మీది గదినే స్టూడియో అన్నారు. కిటికీలకు దుప్పట్లు వేలాడదీశారు. వీధిలో బండి చప్పుడైనా, పక్కింట్లో కుక్క మొరిగినా రికార్డింగ్ ఆగిపోవాల్సిందే. టేపు రికార్డరు మొరాయిస్తుంది. ఫ్యాను వేస్తే దాని చప్పుడు పడుతుంది, ఆపితే చెమటలు.

ఈ స్టేషన్ ఇక్కడ పుట్టలేదు. మార్చి 26న చిట్టగాంగ్ పక్కన కాలూర్‌ఘాట్ ట్రాన్స్‌మిటర్ దగ్గర బేలాల్ మొహమ్మద్, ఆయన తోటి రేడియో ఉద్యోగులు కొద్దిమంది దాన్ని మొదలుపెట్టారు. మర్నాడు మేజర్ జియావుర్ రహ్మాన్ స్వాతంత్ర్య ప్రకటన చదివింది అక్కడి నుంచే. మార్చి 30న పాకిస్తాన్ విమానాలు బాంబులు వేశాయి. అప్పుడు వాళ్ళు ఒక కిలోవాటు చిన్న ట్రాన్స్‌మిటర్‌ను ఊడదీసి, లారీలో ఎక్కించి, త్రిపుర సరిహద్దుకు మోసుకుపోయారు. బాంబులు పడిన చోటి నుంచి మనుషులు పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తడం చూశాం, వీళ్ళు గొంతును ఎత్తుకుని పరుగెత్తారు. మే 25న, కవి నజ్రుల్ పుట్టినరోజు నాడు, భారత ప్రభుత్వం ఇచ్చిన 50 కిలోవాట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ మీద స్వాధీన్ బంగ్లా బేతార్ కేంద్ర, అంటే స్వతంత్ర బంగ్లా రేడియో కేంద్రం, కొత్త జన్మ ఎత్తింది. చరమపత్ర మొదటి భాగం వెళ్ళింది కూడా ఆ రోజే.

తలుపు తోసుకుని వస్తున్నాడు చూడండి, ఎం.ఆర్. అఖ్తర్ ముకుల్. నలభై దాటింది. బోగ్రా జిల్లా మనిషి. 1952లో బెంగాలీ భాష కోసం వీధికెక్కిన విద్యార్థుల్లో ఒకడు, తర్వాత ఢాకాలో విలేఖరి. చేతిలో కాగితాలు. ఇంకా సిరా ఆరలేదు. రాసేది ఈయనే, చదివేది ఈయనే. బంగ్లాదేశ్ ప్రవాస ప్రభుత్వం తరఫున రేడియో చూసే అబ్దుల్ మన్నాన్ ఈ పని అప్పగించాడు. పేరు పెట్టింది అష్ఫాకుర్ రహ్మాన్ ఖాన్. ఒక్కో భాగానికి చేతికి వచ్చేది 7 రూపాయల 25 పైసలు.

మైకు ముందు కూచున్నాడు. మొదటి కొన్ని భాగాలు అందరూ రేడియోలో మాట్లాడే శిష్ట బెంగాలీలోనే రాశాడు. తర్వాత ఆ దారి వదిలేశాడు. నా దృష్టిలో ఆ యుద్ధంలో జరిగిన గొప్ప నిర్ణయాల్లో అదొకటి. తుపాకీ పట్టింది ఎవరు? ఎక్కువమంది రైతుల పిల్లలు, పడవవాళ్ళ పిల్లలు, రిక్షావాళ్ళు. వాళ్ళకు పుస్తకాల భాషలో ధైర్యం చెబితే, చెప్పేవాడు ఎత్తు మీద నిలబడి చెప్పినట్టే ఉంటుంది. వాళ్ళ నోటి మాటలో చెబితే పక్కన బురదలో కూచున్నవాడు చెప్పినట్టు ఉంటుంది. మన సత్తి పామెన మాట వదలకపోవడంలోని బలం ఇదే. హనుమంతు గొంగడి తియ్యకపోవడంలోని బలమూ ఇదే.

ముకుల్ మొదలుపెట్టాడు. కుర్చీలో ఒక్కడే ఉన్నాడు గాని గది నిండా మనుషులు. నియాజీ గొంతు వేరు, ఆయన ఎదుట వణికే చెంచా గొంతు వేరు, అన్నీ చూస్తున్న ఢాకా బండివాడి గొంతు వేరు. చేతులు ఊగుతున్నాయి, కనుబొమలు ఎగురుతున్నాయి, రేడియోలో ఎవరికీ కనబడకపోయినా. పక్కనే టేపు చూస్తున్న కుర్రాడు పెదవి కొరుక్కుంటున్నాడు. పకపకా నవ్వితే టేపు పాడవుతుంది, మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి. పూర్తయ్యాక ముకుల్ కాగితాలు మడిచి, వానలో తడిసిన చెప్పులు వేసుకుని దిగిపోయాడు. టేపు సరిహద్దు దగ్గరి ట్రాన్స్‌మిటర్‌కు బయల్దేరింది. రేపటి భాగానికి మళ్ళీ తెల్లకాగితం. డిసెంబర్ దాకా ఇలా 117 భాగాలు.

ఇందులో ప్రతి అంకె నిజమా అని మీరు అడగవచ్చు. యుద్ధం నడుస్తుండగా ఒక పక్షం చెప్పిన మాటలు ఇవి. పడిన శత్రువుల లెక్క గొప్పగా పలికి ఉంటుంది, చిన్న దాడి పెద్దదై ఉంటుంది. చరిత్ర రాసేవాడు దాన్ని లెక్కల పుస్తకంగా వాడుకోకూడదు. కానీ ఆ గదిలో నిలబడి చూస్తే మరొకటి కనబడుతుంది. ముకుల్ ఎగతాళి ఎప్పుడూ చంపుతున్నవాడి వైపే తిరిగి ఉంది. చచ్చినవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు మారిపోయేది. చురకల మధ్యలో ఒక్కసారిగా బరువు పడేది, విన్నవాడి పిడికిలి బిగిసేది. ఉత్త నవ్వైతే మనుషులు విని పడుకునేవారు. నవ్వు వెనక ఆ కోపం ఉంది కాబట్టే పడుకోలేదు.

ఈ స్టేషన్‌లో ఆయన ఒక్కడే కాదు. కల్యాణ్ మిత్ర రాసిన "జల్లాదేర్ దర్బార్" అనే ధారావాహిక నాటకం కూడా ఇక్కణ్ణుంచే వస్తోంది. జల్లాదు అంటే తలారి. సినిమా నటుడు రాజు అహ్మద్ అందులో కెల్లా ఫతే ఖాన్ వేషం కట్టాడు. అది ఎవరి బొమ్మో ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు, యాహ్యా ఖానే.

ఇప్పుడు త్రిపుర, మేలాఘర్. రెండో సెక్టార్ శిక్షణ శిబిరం. ఖాలేద్ మొషర్రఫ్ నడుపుతున్నాడు. గుట్టల మధ్య వెదురు పాకలు, జలగలు, ఎర్రమట్టి. ఢాకా కాలేజీ కుర్రాళ్ళు, కుమిల్లా రైతుల పిల్లలు ఒకే తట్టలో అన్నం తింటున్నారు. అన్నంలో పురుగులు ఏరుకుంటున్నారు. రాత్రి కావడంతో చెట్టు కింద ఒక రేడియో, చుట్టూ యాభై అరవై మంది. వెనక ఉన్నవాళ్ళకు వినబడదు, ముందు ఉన్నవాడు మళ్ళీ చెబుతాడు, ఆ చెప్పడంలో తన ఊరి యాస కలుపుతాడు, మళ్ళీ నవ్వు. రేపు రాత్రి వీళ్ళలో కొందరు నది దాటి లోపలికి పోవాలి. తిరిగి వస్తారో లేదో తెలియదు. ఒక కుర్రాడు పక్కవాడి భుజం చరిచి అంటున్నాడు: "చూడరా, ఎల్లుండి మన గురించి చెబుతాడు!" అదీ ఆ కార్యక్రమం చేసే పని. చెయ్యబోయే దాడి రేడియోలోకి ఎక్కుతుందని, ఇంట్లో బొంత కింద అమ్మ వింటుందని తెలిసిన కుర్రాడు వెనకడుగు వెయ్యడు.

ఆగస్టులో ఇదే గాలి మీద మరో రకం పని కూడా జరిగింది. ఆకాశవాణి కలకత్తా ఒక పొద్దున పాత పంకజ్ మల్లిక్ పాట వేసింది. తర్వాత సంధ్యా ముఖర్జీ పాట. వినేవాళ్ళకు అవి పాటలే. చిట్టగాంగ్, మోంగ్లా, చాంద్‌పూర్, నారాయణ్‌గంజ్ రేవుల దగ్గర దాక్కున్న ముక్తి బాహిని నౌకా కమాండోలకు మాత్రం మొదటిది సిద్ధం కమ్మని, రెండోది దాడి చెయ్యమని సంకేతాలు. ఆగస్టు 15 అర్ధరాత్రి దాటాక ఆ రేవుల్లో ఓడలు పేలిపోయాయి. రెండు రోజులు ఆగి చరమపత్ర విన్నవాళ్ళు ఎంత నవ్వుకుని ఉంటారో ఊహించండి.

ఢాకాలోకి మళ్ళీ రండి, ఎలిఫెంట్ రోడ్డులో "కణిక" అనే ఇల్లు. రచయిత్రి జహనారా ఇమామ్ ఇంట్లో రోజూ స్వాధీన్ బంగ్లా రేడియో వింటారు. ఆమె కొడుకు రూమీ మేలాఘర్‌లో శిక్షణ పొంది వచ్చి, ఢాకా నగరంలోనే దాడులు చేస్తున్న గెరిల్లా. ఆగస్టు 29 రాత్రి సైనికులు వచ్చి రూమీని పట్టుకుపోయారు. తిరిగి రాలేదు. ఆ నెలల్లో ఆమె రాసుకున్న డైరీ తర్వాత పుస్తకమైంది. బంగ్లాదేశ్‌లో దాన్ని ఎంతోమంది చదివారు. అందులో రేడియో ఒక కుటుంబ సభ్యుడిలా తిరుగుతుంది. కొడుకు పోయిన ఇంట్లోనూ సాయంత్రం ముల్లు ఆ స్టేషన్ మీదికే వెళ్ళింది. నవ్వు దుఃఖానికి మందు అని నేను అనను, అది కాదు. ఆమె వింటున్నది తన కొడుకు వదిలి వెళ్ళిన పని ఇంకా నడుస్తోందా లేదా అని.

నవంబర్ దాటింది. డిసెంబర్ 3న పాకిస్తాన్ విమానాలు భారత స్థావరాల మీద దాడి చేయడంతో యుద్ధం పూర్తిస్థాయిలో మొదలైంది. ఆ అర్ధరాత్రి మీరు విశాఖపట్నంలో ఉండి ఉంటే సముద్రం వైపు నుంచి ఒక పెద్ద పేలుడు వినేవారు. భారత విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన రేవు ముందే మునిగింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు తరలిపోయింది. దాని మీది నుంచి విమానాలు చిట్టగాంగ్, కాక్స్ బజార్ రేవుల మీదికి లేచాయి. తూర్పున జరుగుతున్న ఆ పోరులో తెలుగు తీరం అలా భాగమైంది.

బాలీగంజ్ గదిలో ఇప్పుడు పని నడిచే తీరే మారిపోయింది. కాగితం మీద సిరా ఆరకముందే వార్త పాతబడుతోంది. జెస్సోర్ పడింది. అమెరికా ఏడో నౌకాదళం బంగాళాఖాతంలోకి వస్తోందన్నారు. భయపడాల్సిన వార్త, ముకుల్ చేతిలో అదీ చురకైంది. డిసెంబర్ 14న భారత విమానాలు ఢాకా గవర్నర్ భవనం మీద బాంబులు వేశాయి. గవర్నర్ మాలిక్ అక్కడికక్కడే రాజీనామా రాశాడు. ఆ రోజే ఢాకాలో కళ్ళకు గంతలు కట్టి ప్రొఫెసర్లను, డాక్టర్లను, పత్రికా రచయితలను ఇళ్ళ నుంచి ఎత్తుకుపోయి చంపారు. గెలుపు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డప్పుడు, రేపటి దేశానికి పాఠం చెప్పవలసిన మనుషుల్ని ఏరి ఏరి చంపారు. ఈ సంగతి గెలుపు తర్వాతగాని బయటపడలేదు.

డిసెంబర్ 16. రమ్‌నా రేస్‌కోర్స్ మైదానం. సాయంత్రం 4 గంటల 31 నిమిషాలకు నియాజీ సంతకం పెట్టాడు. దాదాపు 93 వేల మంది యుద్ధఖైదీలయ్యారు. దాదాపు ఏడు నెలల పాటు రేడియోలో బురదలో దిగబడ్డవాడిగా, పడవలో వణికినవాడిగా ఢాకా జనం ఊహించుకున్న జనరల్, ఇప్పుడు కళ్ళ ఎదుట బల్ల ముందు కూచుని కలం పట్టుకున్నాడు. ఆ రోజే ముకుల్ చివరి భాగం వెళ్ళింది. చౌక్ బజార్ ఇంట్లో బొంత తీసేశారు. ట్రాన్సిస్టర్‌ను కిటికీలో పెట్టి చప్పుడు పూర్తిగా పెంచారు. సందులో ప్రతి కిటికీలో అదే గొంతు. రిక్షావాళ్ళు బండ్లు ఆపి నిలబడ్డారు, తమ నోటి మాటలోనే తమ గెలుపు కబురు విన్నారు. పిల్లవాడు ఈసారి ముల్లు వెనక్కి తిప్పలేదు.

ఆ తర్వాత ముకుల్ కొత్త దేశపు రేడియోకు అధిపతిగా పనిచేశాడు, లండన్ హైకమిషన్‌లో పత్రికా వ్యవహారాలు చూశాడు. 1975 ఆగస్టులో దేశాధినేత షేక్ ముజీబుర్ రహ్మాన్ హత్య జరిగి ప్రభుత్వం మారాక ఉద్యోగం పోయింది. అంత పెద్ద సైన్యాన్ని నవ్వుతో ఎదుర్కొన్న మనిషి లండన్‌లో బట్టల కర్మాగారంలో కూలి చేసి ఇల్లు నడిపాడు. తర్వాత ఢాకా తిరిగి వచ్చి బెయిలీ రోడ్డులో సాగర్ పబ్లిషర్స్ పేరుతో పుస్తకాల దుకాణం పెట్టాడు. యుద్ధకాలపు జ్ఞాపకాలను "ఆమి బిజయ్ దేఖేచి" అనే పుస్తకంగా రాశాడు. చరమపత్ర భాగాలను 2000లో ఒకే సంపుటంగా అచ్చువేయించాడు. 2001లో దేశపు అత్యున్నత పౌర పురస్కారం స్వాధీనతా పదక్ వచ్చింది. 2004 జూన్ 26న చనిపోయాడు.

ఆ సంపుటం అచ్చయింది కాబట్టి ఆ మాటలు ఈనాటికీ చదవగలం. హనుమంతు ఊరూరా తిరిగి ఆడిన ఆటల్లో, అప్పటికప్పుడు ఆ ఊరి దొరను చూసి అల్లిన ఎగతాళి మాటలకు ఏ టేపూ లేదు. చేవెళ్ళ, మొయినాబాద్ పల్లెల్లో ఆ రోజుల్లో దొర మీద, రజాకారు మీద చెప్పుకున్న వెటకారాలు ఇంకా కొందరు ముసలివాళ్ళ నోట్లో ఉన్నాయి. అప్పుడు పదేళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు తొంభై దగ్గరపడ్డాయి. ప్రతి చేతిలో రికార్డు చేసే ఫోను ఉంది. వాళ్ళ దగ్గరికి వెళ్ళి కూచోవలసింది ఈ ఏడే.